పిండిలో అడుగులు

అక్టోబరు 22

కార్తీకం మొదలైంది. ఏడాది తిరిగేదాకా గుడి మెట్టు ఎక్కరాదని పంతులుగారు చెప్పారు. ఇంట్లో దీపం పెట్టుకోవచ్చట. పెట్టాను. ముందు కూర్చున్నాను. మాట రాలేదు. పెళ్లయి పోతిరెడ్డిపల్లికి వచ్చినప్పటి నుంచి నాకేం కష్టమున్నా శివుడి ముందు నిలబడి పెదవులు కదపకుండా చెప్పుకునే అలవాటు. ఇంట్లో పటం ముందు అది కుదరడం లేదు. పటం పక్కనే ఆయన ఫోటో ఉంది, దండతో. ఇద్దరికీ ఒకేసారి చెప్పుకోలేను.

అందుకే ఇది. కొత్త సంవత్సరానికి కంపెనీ వాళ్లు ఆయనకిచ్చిన డైరీ. ఆయన ఒక్క అక్షరం రాయలేదు. జూన్ దాకా ఖాళీ, జూన్ తర్వాతా ఖాళీ. ఈరోజు తేదీ ఉన్న పేజీ వెతికి మొదలుపెట్టాను. పదో తరగతితో ఆగిన చెయ్యి. గీతల మీద నిలవడం లేదు.

రాయడానికి ఏమీ లేదు. అన్నం వండాను. తిన్నాను.

అక్టోబరు 23

వెనక గది పైన ఈరోజు ఆలస్యంగా వచ్చారు.

అక్టోబరు 25

ఇది ఎవరికీ చెప్పలేదు. గుడికి పోగలిగితే అక్కడ చెప్పేదాన్ని.

ఆయన వెనక రేకుల గదిలో పడుకునేవారు. ముందు హాలు, వంటిల్లు స్లాబు. ఆ గది ఒక్కటే సిమెంటు రేకులు, ఎండ దిగకుండా కింద సీలింగ్ కొట్టించుకున్నారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలంతా అక్కడే నిద్ర. ఆ రోజూ అంతే. నిద్ర చెడగొట్టకూడదని మధ్యాహ్నం దాకా లేపలేదు. మధ్యాహ్నం లేపితే లేవలేదు.

పదకొండో దినం రాత్రి ఆయన పడుకున్న చోట బియ్యప్పిండి పరిచి, దీపం పెట్టి, తలుపు మూశాం. అందరూ చేసేదే. పోయినవాళ్లు ఏ రూపంలో వచ్చి చూసిపోతారో పిండిలో తెలుస్తుంది. మా అత్తగారికి పిట్ట అడుగులు పడ్డాయి. తెల్లవారి మా ఆడబిడ్డ నర్సింహమ్మ తలుపు తీసి వంగి చూసింది.

"పిల్లి," అన్నది. ఇంకొంచెం వంగింది. "పిల్లి కంటె జెర పెద్దగున్నయ్. కాలి ఏళ్లు గూడ ఐదున్నయ్."

మా మరిది ఓదెలు ఫోన్‌లో ఫోటో తీశాడు. నర్సింహమ్మ వదినె తిట్టి దాన్ని చెరిపించేసింది.

ఆ వారం నుంచే గది పైన నడక వినిపిస్తోంది. అప్పటి నుంచి నేను అక్కడే పడుకుంటున్నాను. పొద్దు గూకాక బయలుదేరుతుంది. తెల్లవారుజామున వచ్చి పడుకుంటుంది. పగలంతా చప్పుడు ఉండదు. ఆయన డ్యూటీ కూడా అదే.

ఇంతకంటే రాయను.

అక్టోబరు 27

మొదటి సోమవారం. ఉపవాసం.

గదిలో గంజి వార్చినప్పటి వాసన వస్తోంది. వంటింట్లో ఏమీ లేదు, పొయ్యి వెలిగించలేదు. మంచి బియ్యం వాసన, ప్రసాదం వండినట్టు.

పిట్టగోడ మీద అరటిపండు పెట్టి వస్తున్నాను. ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. ఆయన టిఫిన్ డబ్బాలో రోజూ ఒకటి పెట్టేదాన్ని, ఆ చెయ్యి ఊరుకోలేదు. మొదటి రోజు నుంచే తినేశారు. కొత్త చోట పెడితే ఏ జంతువైనా వాసన చూసి, రెండు రోజులు బెదిరి, అప్పుడు తింటుంది. ఈ పండు దగ్గర ఆ బెదురు లేదు. నా చేతిది అని తెలిసినట్టే తిన్నారు.

అక్టోబరు 30

పక్కింటి కామరాజు గారు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డారు. కోస్తా నుంచి వచ్చి, ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసి రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. చేతిలో సగం కొరికిన బొప్పాయి.

"చూశారా పుష్పగారూ! ఇది మీ రేకుల మీంచే వస్తోందండీ. నిన్న కళ్లారా చూశాను. ఒంటి మీద మచ్చలు, ఇంత పొడుగు తోక. చిరుతపిల్లే, సందేహం లేదు. కాలనీ గ్రూపులో పెట్టేశాను."

ఓదెలు అప్పుడే బండి దిగాడు. మేస్త్రీ పని చేస్తాడు. కంది ఊళ్లో ఏదో బిల్డింగు పనికి పోతూ రోజూ ఒకసారి వచ్చి వదినె ఉందా, తిన్నదా అని చూసి పోతాడు.

"చిరుతపులి బొప్పాయి తింటదా సార్?"

"ఆకలేస్తే ఏదైనా తింటుందయ్యా."

"గట్లగాదు. కార్తీక మాసమని నీసు ఇడిసిపెట్టినట్టుంది."

నాకు నవ్వు వచ్చినట్టనిపించింది. వచ్చిందో లేదో తెలియదు.

"నవ్వులాట కాదు ఓదెలూ. నా వాటర్ ట్యాంకు మూత మీద రోజూ పెంటే. పెంట నిండా గింజలు. లక్షలు పోసి ఇల్లు కట్టుకున్నది మనం ఉండటానికా, దానికా? ఎల్లయ్యగారు ఉన్నప్పుడే నేను..." అని ఆగిపోయారు. కిటికీలోంచి దండేసిన ఫోటో కనిపిస్తుంది. బొప్పాయి మా గోడ మీద పెట్టి వెళ్లిపోయారు.

నవంబరు 2

మా అమ్మాయి శ్రీలత ఫోన్ చేసింది. చిట్కుల్‌లో అత్తవారింట్లో ఉంది. అల్లుడు శ్రావణ్‌కుమార్‌కు అక్కడికి దగ్గర్లోనే ఫ్యాక్టరీ పని. జనవరిలో నెలలు నిండుతాయి. తొలి కాన్పు తల్లిగారింట్లోనే కావాలి.

"అమ్మా, మా అత్తమ్మ పంపనంటున్నది."

"ఎందుకు బిడ్డా?"

"ఓదెలు చిన్నాయన వచ్చి చెప్పిండట, మనింట్ల రేకుల కింద మానుపిల్లి ఉన్నదని. అది పసిగుడ్డు వాసన పడుతదట. ఉయ్యాలలకెళ్లి గుంజుకపోతదట."

"ఎవలు జూసిన్రు?"

"ఎవలు జూడలే. అందరంటున్నరు." ఏడుస్తోంది. "నాకు నీ దగ్గరనే కావాలె అమ్మా. నాయన గదిల పండుకుంట. నాకు గీడ నిద్ర వస్తలేదు."

"చూద్దాం బిడ్డా," అన్నాను. తల్లి అనాల్సిన మాట కాదు అది.

సాయంత్రం ఓదెలు వచ్చాడు. ఇరవై ఆరున మూఢం పడుతుందట. మూఢం పడితే మాఘం దాకా ఇంటికి పని పెట్టరు, కడుపుతో ఉన్న పిల్లను తీసుకురారు. ఆ లోపలే గది ఖాళీ కావాలి.

"వదినె, అన్నంల జెర పురుగుమందు గుళికలు కలిపి పెడితె ఒక్క రాత్రి పని."

"వద్దు."

"మరెట్ల?"

"వద్దన్న గద!"

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఓదెలు నా వంక చూశాడు. పదకొండో దినం నాడు ఫోటో తీసింది అతనే. అతనికీ తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు. చాయ్ ఇచ్చాను, తాగి పోయాడు.

నవంబరు 5

పౌర్ణమి. మూడు వందల అరవై ఐదు వత్తులు ఇంటి ముందే వెలిగించాను. గుడి గంట ఇక్కడిదాకా వినిపించింది.

నవంబరు 8

కామరాజు గారి చిరుతపులి మెసేజి పట్టుకొని అటవీ శాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు మహిత. ఖాకీ చొక్కా, స్కూటీ. చెప్పకుండానే బూట్లు బయట విప్పి లోపలికి వచ్చింది.

ఓదెలు స్టూలు వేశాడు. ఆ అమ్మాయి ఎక్కి, సీలింగ్ పలక ఒకటి కొంచెం జరిపి ఫోన్ లైటు వేసింది. చాలాసేపు చూసింది. నేను కింద స్టూలు పట్టుకొని మనసులో పంచాక్షరి చెప్పుకుంటున్నాను. నిద్రలో ఉన్న ఆయన్ని పరాయి మనిషి చూస్తున్నట్టుంది.

పలక మెల్లగా మూసి దిగింది. "మానుపిల్లి అమ్మా," అన్నది గుసగుసగా.

"వెంకన్న స్వామికి పునుగు తైలం తీస్తరు గద. గదేనా బిడ్డా?"

"గది పునుగుపిల్లి, వేరే ఉంటది. ఇది మానుపిల్లి. పండ్లు తింటది, ఎలకల తింటది. మనుషుల జోలికి రాదు. ఉయ్యాలలకెళ్లి గుంజుడు గింజుడు అన్ని ఉత్త ముచ్చట్లు. గని గిది చట్టం కింద ఉంటది. పట్టొద్దు, కొట్టొద్దు, మందు పెట్టొద్దు. జైలుకు పోతరు." చివరి మాట ఓదెలు వంక చూసి అన్నది.

"నేనేమన్న?" అన్నాడు ఓదెలు.

"ఇంకోటి. పిల్లలున్నయ్. మూడు. కండ్లు తెరిచినయ్ గని ఇంక పాల మీదనే ఉన్నయ్. తల్లి పక్కకు ఒరిగి పాలిస్తున్నది."

"తల్లా?" అన్నాను.

"తల్లే అమ్మా."

తర్వాత ఏమేమో చెప్పింది. అన్నీ విన్నాను. గదిలో ఆ బియ్యం వాసన దాని ఒంటిదేనట. రెండు నెలలు ఆగితే పిల్లలు పెరిగి అవే పోతాయట. ఓదెలు మూఢం సంగతి చెప్పాడు. ఆగలేకపోతే గదిలో లైటు వేసి రేడియో పెట్టాలట. ఆ చప్పుడుకు తల్లి ఇంకో చోటు చూసుకొని పిల్లల్ని నోట కరుచుకుపోతుందట.

"చీకటి పడ్డంక స్లాబు మీదికెళ్లి, రేకులకు గోడకు నడుమున్న కన్నం ముందట పల్చగ పిండి సల్లుండ్రి. బయటికి పోయిన అడుగులు కనవడాలె, లోపలికి వచ్చినయ్ ఉండొద్దు. మల్ల రాత్రి గూడ సల్లి, ఏం లేవని జూసినంకనే మూయాలె. పగలు మాత్రం మూయొద్దు అమ్మా. పగలు అందరు లోపల్నే ఉంటరు, పండుకొని."

పిండి అనగానే ఓదెలు నేల వంక చూశాడు.

నవంబరు 9

ఆడది.

నవంబరు 10

ఆడది. ముగ్గురు పిల్లల తల్లి. నేను ఐదు నెలలుగా వచ్చారు, తిన్నారు, పడుకున్నారు అనుకుంటున్నాను.

నవంబరు 11

రేడియో పెట్టమన్నది. పెట్టలేదు. అరటిపండు కూడా పెట్టలేదు.

నవంబరు 14

శ్రీలత మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఏడవలేదు. "నీకు ఇష్టం లేకుంటె చెప్పమ్మా, గీడనే కంట," అన్నది. ఏం చెప్పానో గుర్తు లేదు.

ఓదెలు పంతులుగారిని అడిగి వచ్చాడు. ఆదివారం పొద్దున మంచి ఘడియ ఉందట. మూఢం పడే లోపల మళ్లీ అంత మంచిది లేదట.

"పొద్దుగాలనే మూసేస్త వదినె. దీపాలు పెట్టినంక ఇంటి మీద సుత్తె ఏస్తె లచ్చిమి పోతది. పెద్దలన్న మాట. గా పిల్ల సర్కారు నౌకరి చేస్తది, గామెకేం తెలుసు ముహూర్తాలు."

పగలు మూయొద్దని ఎందుకు అన్నదో నాకు గుర్తుంది. అతనికి గుర్తుందో లేదో అడగలేదు.

"నీ ఇష్టం," అన్నాను.

నవంబరు 16

మూశారు. ఓదెలు భార్య తాపీకి పసుపు కుంకుమ పెట్టింది. నేను గుమ్మం లోపలే నిలబడ్డాను, ఎదురు రాకూడదని. కొబ్బరికాయ సమానంగా పగిలింది. ఓదెలు రేకు మీద రెండుసార్లు తట్టి చెవి పెట్టి విన్నాడు.

"సప్పుడు లేదు. పోయినట్టున్నయ్ వదినె."

పగలు ఎప్పుడూ చప్పుడు ఉండదని చెప్పలేదు. ఇటుక ముక్కలు పెట్టి సిమెంటు పూశాడు. ప్రసాదం పంచారు. శ్రీలతకు ఫోన్ చేసి అతనే చెప్పాడు. అక్కడ అందరూ సంతోషపడ్డారట.

చీకటి పడింది. సీలింగ్‌లో ఎలుకలు.

నవంబరు 17

కార్తీకంలో చివరి సోమవారం. ఉపవాసం ఉన్నాను. ఏమీ తినకుండా ఉండటం నాకు కష్టం కాదు.

ఎలుకలు. సాంబ్రాణి వేశాను. ముందు హాల్లో పడుకుంటున్నాను.

నవంబరు 18

పొద్దున ఎలుకల చప్పుడు తగ్గింది. గోళ్లతో గీసి, ఆగి, చాలాసేపటికి మళ్లీ గీస్తున్నట్టు. ఇల్లు తుడిచాను. రెండుసార్లు తుడిచాను.

మధ్యాహ్నం కామరాజు గారు పండిన బొప్పాయి తెచ్చారు. ఈసారి పూర్తి పండు.

"మీ దయవల్ల రెండు రోజులుగా ప్రశాంతంగా ఉందండీ. ట్యాంకు మీద ఏమీ లేదు. ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. పోయినవారి గురించి అనకూడదు. కానీ దాన్ని ఇంతదాకా తెచ్చింది ఎల్లయ్యగారేనండీ."

"ఏం తెచ్చిండు?"

"తిండి పెట్టి అలవాటు చేశారండీ దాన్ని. తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చేవారు కదా, డబ్బాలోంచి అరటిపండు తీసి ఆ పిట్టగోడ మీద పెట్టి అప్పుడు లోపలికి వెళ్లేవారు. నేను పాలకు వెళ్తూ రోజూ చూసేవాణ్ని, తినేదేదో మాత్రం అప్పుడు చూడలేదు. రెండేళ్లు. ఎందుకయ్యా దాన్ని మేపుతావు, నా ట్యాంకు మీద పెంట పెడుతోంది అంటే, 'నాతోనే డ్యూటీ దిగుతది సార్, ఉత్త కడుపుతోని ఎట్ల పండుకుంటది' అనేవారు. ఏం చెప్తాం అలాంటి మనిషికి? మీకు తెలిసే ఉంటుంది లెండి."

"ఆఁ," అన్నాను.

కామరాజు గారు వెళ్లాక కూడా బొప్పాయి పట్టుకొని అక్కడే నిలబడ్డాను. రెండేళ్లు. నేను రోజూ ఆ డబ్బా కడిగాను. తొక్క ఉండేది కాదు. కంపెనీలోనే తిని పారేసి వస్తున్నారనుకున్నాను. పండు తీపిగా ఉందా అని అడిగితే, ఉందనేవారు.

పదకొండో దినం నాడు అది పండు కోసం గదిలోకి దిగింది. అంతే. పదకొండు రోజులు ఎవరూ పెట్టలేదు మరి.

వెనక గదిలోకి పోయి నిలబడ్డాను. చప్పుడు లేదు. ఆయన ఆ రోజు ఇక్కడ పడుకొని ఉన్నప్పుడు కూడా నేను తలుపు బయట నిలబడి చప్పుడు లేదు, మంచి నిద్ర అనుకొని పోయాను.

పొద్దు గూకాక దీపం పెట్టాను. పెట్టి, ఆయన పనిముట్లు పెట్టుకునే పానాల డబ్బాలోంచి సుత్తె, ఉలి తీసుకొని మెట్లెక్కాను. దీపాలు పెట్టాక ఇంటి మీద సుత్తె వేయకూడదు. వేశాను. ఓదెలు సిమెంటు గట్టిది, పట్టుకుంది. చెయ్యి ఆన్చే చోటు లేదు. వేలి మీద కొట్టుకున్నాను. నొప్పి తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. కామరాజు గారు వాళ్ల డాబా మీద నుంచి "ఏవండీ, ఏంటండీ ఆ చప్పుడు?" అని అరిచారు. కొడుతూనే ఉన్నాను. ఒక ఇటుక ముక్క ఊడింది. తర్వాత మిగతావి ఊడాయి. లోపల నుంచి ఆ బియ్యం వాసన వచ్చింది. అదీ, ఇంకో వాసనా.

గిన్నెలో నీళ్లు, రెండు అరటిపండ్లు పెట్టాను. బియ్యప్పిండి తెచ్చి కన్నం ముందు పల్చగా పరిచాను. లైటు వేయలేదు, రేడియో పెట్టలేదు. తరమడానికి తెరవలేదు.

కిందికి వచ్చి ఇది రాస్తున్నాను.

నవంబరు 19

తెల్లవారాక ఎక్కి చూశాను. పిండి నిండా అడుగులు. ఐదు వేళ్లు, గోళ్ల గుర్తులు. బయటికి పోయింది, లోపలికి వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. అన్నిటికంటే పైన పడ్డవి బయటికి పోయినవి. నీళ్లు తాగింది. పండ్లు లేవు.

మూడుసార్లు పోయింది, మూడు పిల్లలు. లెక్క సరిపోయిందని మెట్లు దిగాను. దిగాక స్టూలు వేసి పలక జరిపాను. ఎందుకు జరిపానో తెలియదు. లెక్క సరిపోయింది కదా.

మూడోది మూలన ఉంది. తల్లి రెండోసారి వెనక్కి వచ్చింది దాని కోసమే. వచ్చి, చూసి, వట్టి నోటితో పోయింది.

నా గుప్పిట్లో పట్టింది. వెంట్రుకలు మెత్తగా ఉన్నాయి. ముక్కు దగ్గర సిమెంటు పొడి అంటింది, తుడిచాను. ఆయన తువ్వాలు ఒకటి బీరువాలో అలాగే ఉంది, దాంట్లో చుట్టాను. పెరట్లో నిమ్మచెట్టు దగ్గర గుంత తీసి పెట్టాను. దేనికి ఏ మంత్రమో నాకు తెలియదు. నమశ్శివాయ అన్నాను. కొంచెం పాలు పోశాను.

ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. లేచి చేతులు కడుక్కున్నాను.

నవంబరు 20

అమావాస్య. నిన్న రాత్రి కూడా పిండి చల్లాను. ఒక్క అడుగు లేదు.

నవంబరు 21

ఓదెలు వచ్చి కన్నం చూశాడు.

"వదినె! ఎవలు పలగ్గొట్టిన్రు?"

"నేనే."

అతను పొడి పొడిగా రాలిన సిమెంటు చూశాడు. పిండి చూశాడు. నిమ్మచెట్టు దగ్గర కొత్త మట్టి చూశాడు. టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"నేను పగటిపూటనే..." అన్నాడు.

"ఇగ మూయి ఓదెలు. లోపల ఎవరు లేరు. చీకటి పడ్డంక మూయి."

"దీపాలు పెట్టినంకనా?"

"ఆఁ."

"సరె తియ్యి. లచ్చిమి పోయేదుంటె నువ్వు సుత్తె ఏసిన్నాడే పోయుండాలె," అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

బ్యాటరీ లైటు నేను పట్టుకున్నాను. అతను పూశాడు. ముహూర్తం అడగలేదు, కొబ్బరికాయ కొట్టలేదు.

మహిత ఫోన్ చేసింది. ఇటువైపు వస్తే చూసి పోదామని.

"పోయినయా అమ్మా?"

"పోయినయ్ బిడ్డా. పిండి సల్లి జూసినంకనే మూసినం."

"మూడు పిల్లలు?"

"ఆఁ."

"మంచిగ జేసిన్రు. మీ అసొంటోళ్లు శాన తక్కువుంటరు అమ్మా. అందరు పగలే మూస్తరు."

నవంబరు 23

శ్రీలత వచ్చింది. అల్లుడు కారు మాట్లాడి తీసుకొచ్చాడు. మెట్టు దగ్గర ఓదెలు భార్య దిష్టి తీసింది. పిల్ల బరువుగా నడుస్తోంది, నడుం మీద చెయ్యి పెట్టుకొని. వెనక గదిలో మంచం, కొత్త దుప్పటి వేశాను. పడుకోగానే నిద్రపోయింది. మధ్యాహ్నం లేపాను. ప్రతి గంటకూ లేపుతున్నాను. "ఏందమ్మా, పండుకోనీయవా?" అని విసుక్కుంది.

విసుక్కుంటే మంచిదే.

నవంబరు 24

"అమ్మా, గీ గదిల బియ్యం వాసనేంది?"

"వంటింట్లకెళ్లి వస్తున్నది."

"మంచిగున్నది," అని మళ్లీ పీల్చింది. "నాయన వస్తె గిట్లనే వాసన వచ్చేది, తెల్లారంగ."

నేను వంటింట్లోకి పోయి నిజంగానే అన్నం పెట్టాను.

నవంబరు 25

రేపటి నుంచి మూఢం. ఇంట్లో చేయాల్సినవన్నీ అయిపోయాయి.

నిన్న పిట్టగోడ మీద అరటిపండు పెట్టాను. పొద్దున్నకు లేదు. ఉడుత కావచ్చు, కోతి కావచ్చు. పిండి చల్లలేదు. ఇక చల్లను.

ఈ పేజీలు చింపుదామని రెండుసార్లు అనుకున్నాను. చింపితే ఆ మూడోది ఉన్నట్టు ఇంకెక్కడా ఉండదు. నిమ్మచెట్టు మాట్లాడదు, నేనూ మాట్లాడను. పగలు మూయొద్దన్న మాట గుర్తున్నది నాకు. తప్పు ఓదెలు మీదికి పోకూడదు. ఆయన పండు ఎవరికి పెట్టేవారో ఇందులో ఉంది. పిండిలో అడుగులు చూసి నేను ఏమనుకున్నానో కూడా ఉంది. అది నవ్వులపాలు కాకూడదు.

దీన్ని ఆయన పానాల డబ్బాలో అడుగున పెడుతున్నాను. ఎప్పుడైనా ఎవరి చేతికైనా వస్తే, అక్కడే ఉండనివ్వండి. ఎవరికీ చూపకండి.